కుండీ మార్చిన మొక్క ఎందుకు చచ్చును?

వరి, పసుపు, మక్కజొన్న పండించు రైతుకు కుండీలోని మొక్కను గురించి చెప్పబూనుట కొంత విడ్డూరముగా తోచవచ్చును. ఎకరాల కొలది సాగు చేయువానికి గంపెడు మట్టిలో ఒక మొక్కను బ్రతికించుకొనుట పెద్ద పనియా అని అనిపించును. కాని మల్లాపూర్, మెట్‌పల్లి, కోరుట్ల ప్రాంతపు పల్లెలకు పోయినప్పుడు, పొలము గట్టున వరి తెగుళ్ల మాట అయిన పిమ్మట, ఇంటి వసారాలో కూర్చున్నప్పుడు ఈ ప్రశ్నయే వచ్చుచున్నది. స్లాబు ఇండ్ల కిటికీల కడను, మెట్ల ప్రక్కను మనీప్లాంటు, క్రోటను, రబ్బరు మొక్క, కలబంద కుండీలు ఇప్పుడు చాల ఊళ్లలో కనిపించుచున్నవి. గోదావరి క్రింది తీరమున కడియము నర్సరీలలో పెరిగిన మొక్కలు లారీలెక్కి రాష్ట్రములు దాటి పోవుచున్నవి. మన పట్టణములలో అమ్మకమునకు వచ్చు మొక్కలలో అక్కడివి అనేకము.

కొన్ననాడు మొక్క నిగనిగలాడుచుండును. ఇంటికి తెచ్చి, నల్లసంచి చింపి, పెద్ద కుండీలో నిలిపి, పొలము నుండి తెచ్చిన మట్టి నింపుదురు. ఇరువది ముప్పది దినములలో క్రింది ఆకులు పసుపుపచ్చనై రాలుట మొదలుపెట్టును. మట్టి కదిపినచో చిన్న నల్ల ఈగలు లేచును. కణుపుల వద్ద తెల్లని పిండి కనిపించును. పురుగు పట్టినదని అటుకు మీది మందు సీసా దించుదురు. మొక్క ఎటులను బ్రతుకదు. ఇంటిలో విషము మాత్రము మిగులును.

"మా పొలం మట్టే పోస్తిమి గద సారూ, వరి గంత మంచిగ పండుతది, మరి చెట్టెందుకు సచ్చె?" అని అడుగుదురు. సమాధానము ఆ ప్రశ్నలోనే ఉన్నది. పొలము మట్టి పోయుటచేతనే చచ్చినది.

పొలములో మంచిది, కుండీలో చెడ్డది

పొలములో వాన వెలిసిన పిమ్మట నీరు క్రిందికి దిగును. మూడు నాలుగు అడుగుల లోతు గల నేలలో, నీరు నిలువని చోట, పై జానెడు మట్టి రెండు మూడు దినములలో నీరు వదలి గాలిని నింపుకొనును. కుండీలో ఆ లోతు లేదు. జానెడు దిగగానే మట్టి అంతమై రంధ్రము వచ్చును. రంధ్రమున్నది గదా, నీరు పోవును గదా అనుకొందురు. అంతయు పోదు. మట్టి రేణువులు నీటిని పట్టియుంచు బలము, నీరు క్రిందికి జారు బలము సరిసమానమగు చోట జారుట ఆగిపోవును. అందుచేత ఎన్ని రంధ్రములున్నను కుండీ అడుగున ఒక తడిపొర నిలిచియే యుండును.

ఇది నమ్మశక్యము కానిచో అంట్లు తోము స్పాంజి ఒకటి తీసికొనుడు. నీటిలో ముంచి, అరచేతిపై పరచినట్లు అడ్డముగా పట్టుకొనుడు. కొంత నీరు కారి ఆగిపోవును. ఇప్పుడు దానిని అట్లే నిలువుగా త్రిప్పుడు. పిండకుండగనే మరల నీరు కారును. స్పాంజి మారలేదు, దాని ఎత్తు మారినది. ఎత్తు పెరిగినచో నీరు ఎక్కువ దిగును, ఎత్తు తగ్గినచో దిగదు. మీ పొలము నిలువు స్పాంజి, మీ కుండీ అడ్డపు స్పాంజి.

ఈ తడిపొర మందము మట్టిని బట్టి ఉండును. దొడ్డు ఇసుకలో కొద్ది అంగుళములే. నల్లరేగడిలో చిన్న కుండీ అడుగు నుండి అంచు వరకు తడిపొరయే. కుండీ అడుగున గులకరాళ్లు పోసిన నీరు బాగుగా దిగునని చాలమంది చెప్పుదురు. ఇది తప్పు. సన్నని మట్టి నుండి దొడ్డు రాళ్లలోనికి నీరు సులభముగా దిగదు. రాళ్లపైన ఉన్న మట్టి పూర్తిగా నిండిన తరువాతనే దిగును. రాళ్లు పోసినందువలన తడిపొర అడుగున ఉండుటకు మారు నాలుగు అంగుళములు పైకి, వేళ్ల మధ్యకు వచ్చును. రంధ్రముపై మట్టి జారకుండ ఒక పెంకు ముక్క బోర్లించిన చాలును. సిరిసిల్ల మరమగ్గాల మీద నేసిన పలుచని పాలిస్టరు గుడ్డ పేలిక ఉన్నచో ఇంకను మంచిది. అది త్వరగా చీకిపోదు.

వరి నీటిలోనే బ్రతుకుచున్నది గదా అని అడుగవచ్చును. వరి వేరును అడ్డముగా కోసి చూచినచో లోపల గాలి గొట్టములు కనిపించును. ఆకు పీల్చిన గాలి ఆ గొట్టముల ద్వారా బురదలోని వేరుకొనకు దిగును. క్రోటనుకు, రబ్బరు మొక్కకు ఆ ఏర్పాటు లేదు. వాటి వేళ్లకు గాలి మట్టి సందుల నుండియే రావలెను. ఆ సందులు నీటితో నిండినచో వేరు ఊపిరాడక చచ్చును. చచ్చిన వేరు నీరు పీల్చలేదు గనుక, తడిమట్టిలోనే మొక్క తలవాల్చును. తలవాల్చినదని ఇంటివారు ఇంకొక చెంబు నీరు పోయుదురు.

రేగడికి మరియొక గుణము కలదు. ఎండినప్పుడు ముడుచుకొని కుండీ గోడను విడిచి లోపలికి జరుగును. అప్పుడు పోసిన నీరు గోడవెంట సందులో జారి క్రింద పళ్లెములోనికి వచ్చును. నడుమ ముద్ద ఎండియే యుండును. ఒకే కుండీ ఒక వారము మురుగుచు, మరియొక వారము ఎండుచు ఉండుటకు ఇదియే కారణము.

చెరువు పూడికమట్టి సంగతియు ఇంతే. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో చెరువుల మట్టి తీసి చెలకలకు తోలినారు. ఇసుకపాలు ఎక్కువగా ఉండి నీరు నిలుపలేని ఎర్రచెలకకు ఆ బంకమట్టి మేలు చేసినది. అదే మట్టి కుండీలో మేలు చేయదు. పుట్టమన్ను కొందరు పవిత్రమని, కొందరు సారవంతమని తెచ్చి పోయుదురు. చెదలు మెత్తని బంకరేణువులను ఏరి కట్టిన గోడ అది. కుండీలో తడిసి ఆరిన పిమ్మట గట్టిపడి ఇటుకను తలపించును.

దుంప ఈగ చెప్పు సంగతి

పసుపు రైతుకు ఈ విషయము వేరుగా బోధింప నవసరము లేదు. నీరు నిలిచిన మడిలో దుంపకుళ్ళు ముందుగా వచ్చునని, బోదెల మీదను ఎత్తైన మడులలోను నాటిన తోటలో తక్కువగా వచ్చునని అందరు ఎరిగినదే. కుళ్ళిన దుంపను చీల్చి చూచినచో తెల్లని పిల్లపురుగులు కదలాడుచుండును. అవి దుంప ఈగ సంతానము. ఈగ ముందా, కుళ్ళు ముందా అను వాదము శాస్త్రజ్ఞులలో ఎంతోకాలముగా నడచుచున్నది. కాని కుళ్ళుచున్న దుంపలలోనే ఈ పురుగులు మెండుగా ఉండుటను రైతులందరు కన్నారు. మురుగు తీయకుండ ఈగ మీద మాత్రమే మందు చల్లిన రైతుకు ఖర్చు మిగిలినది గాని తోట నిలువలేదు.

కుండీలో జరుగునదియు ఇదే. మట్టి మీద ఎగురు ఆ నల్ల ఈగలు దోమకన్న చిన్నవి, మనుష్యులను కుట్టవు. తడిమట్టిలో పెరుగు బూజును, మాగని పెంటను తిని వాటి పిల్లపురుగులు బ్రతుకును. సంఖ్య మితిమీరినప్పుడు లేతవేళ్లను కూడ కొరుకును. మొలకలకు, లేతమొక్కలకు అపాయము. కాని పెద్దమొక్క చచ్చుటకు అవి తొలి కారణము కావు. మట్టి ఎప్పుడును తడిగా ఉన్నదనియు, అడుగున ఏదో కుళ్ళుచున్నదనియు అవి తెలుపుచున్నవి. వాటిని చంపి మురుగును విడిచిపెట్టినచో మూడు నాలుగు వారములలో మరియొక తరము లేచును.

కనుక మొక్క వాడినప్పుడు ముందుగా మందు పట్టరాదు, వేరు చూడవలెను. చూచుట కష్టము కాదు. మొక్క మొదలు రెండు వ్రేళ్ల నడుమ ఇరికించి కుండీని తలక్రిందులు చేసి అంచు నొకసారి గట్టున తట్టినచో మట్టిముద్ద చేతికి వచ్చును. బ్రతికిన వేరు తెల్లగానో, లేత గోధుమరంగుగానో గట్టిగా ఉండును. చచ్చిన వేరు నల్లబడి మెత్తనై, లాగినచో పైతోలు ఊడి నడుమ నారపోగు మిగులును. మురుగుకాలువ వాసన వచ్చినచో అనుమానమే లేదు. మట్టి ఎండి, వేళ్లు తెల్లగా ఉండి మొక్క వాడినచో అది దాహము. నీరు పోసిన సాయంత్రమునకు తేరుకొనును. మట్టి తడిగా ఉండి మొక్క వాడినచో అది కుళ్ళు. ఈ భేదము తెలిసినవానికి కుండీల వైద్యములో సగము తెలిసినట్లే.

వేళ్లపైన, కుండీ లోపలి గోడకు సున్నపు పొడివంటి తెల్లని మచ్చలు అంటుకొని యున్నచో అవి వేరు పిండినల్లి. వేళ్లకు ఆవగింజలవలె, శనగగింజలవలె బుడిపెలు కట్టినచో నులిపురుగులు. ఈ రెండవది చాలవరకు మట్టితోనే వచ్చును. వంకాయ, టమాట, పసుపు వేసిన చేని మట్టిని కుండీకి తెచ్చుట ఇందుచేత మంచిది కాదు. నులిపురుగును, దుంపకుళ్ళు బూజును మనమే ఇంటికి మోసుకొని వచ్చినట్లగును.

మట్టి కలుపుట

ఇంగ్లండులో లండను సమీపమున మెర్టన్‌లోని జాన్ ఇన్నెస్ సంస్థలో విలియం లారెన్సు, జాన్ న్యూవెల్ అనువారు 1930లలో ఈ సమస్యనే పట్టుకొన్నారు. అంతకు పూర్వము అక్కడి తోటమాలులు ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క మిశ్రమమును రహస్యముగా కలుపుచుండిరి. ఈ ఇద్దరు మట్టిని ఆవిరితో వేడిచేసి తెగుళ్లను చంపి, ఏడు పాళ్లు మట్టి, మూడు పాళ్లు పీటు, రెండు పాళ్లు దొడ్డు ఇసుక కలిపి, ఇంచుమించు అన్ని మొక్కలకు సరిపోవు మిశ్రమమును నిలబెట్టినారు. పీటు అనగా చలిదేశముల చిత్తడినేలలలో పోగుపడు నాచు పదార్థము. మనకు అది అవసరము లేదు. దానికి బదులుగా మన చుట్టును ఉన్నది వరి ఊక.

ఎర్రచెలక మట్టి రెండు గంపలు, దొడ్డు ఇసుక ఒక గంప, నల్లగా కాల్చిన ఊక ఒక గంప, బాగుగా మాగిన పశువుల ఎరువు ఒక గంప కలిపినచో ఇంటి మొక్కలకు చాలవరకు సరిపోవును. ఊక పొయ్యిలో తెల్లని బూడిద యగువరకు కాలరాదు. బూడిదలో క్షారము ఎక్కువ. బొగ్గువలె నల్లగా, ఆకారము చెడకుండ ఉన్నప్పుడే నీరు చిలుకరించి ఆర్పవలెను. రైసుమిల్లు బాయిలరు నుండి తెచ్చినదైనచో నల్లనిది ఏరి, రెండు మారులు నీటిలో కడిగి వాడవలెను. పచ్చి ఊక వాడినచో అందులోని తాలు, గింజలు మొలిచి కుండీ నారుమడి యగును. కొబ్బరిపొట్టు దొరకినచో ఊకలో సగమునకు దానిని కలుపవచ్చును. ముందుగా నానబెట్టి పిండి అందలి ఉప్పును పోగొట్టవలెను.

రేగడి తప్ప వేరు మట్టి లేదన్న ఊళ్లలో రేగడి ఒక గంపకు మించక, ఇసుక రెండు గంపలు, ఊకబొగ్గు ఒకటి, ఎరువు ఒకటి కలుపవలెను. రేగడిలో కొద్దిపాటి ఇసుక కలుపుట కలుపకుండుటకన్న కీడు. ఇసుక రేణువుల మధ్య బంక దూరి సిమెంటు పనిచేయును. కలిపినచో సగమునకు తక్కువ కాకుండ కలుపవలెను. ఇసుక కూడ తాపీపనికి జల్లించిన సన్ననిది కాదు, జల్లెడలో మిగిలిన దొడ్డుది కావలెను.

మిశ్రమము కుదిరినదో లేదో పరీక్షించుట సులభము. తేమగా ఉన్నప్పుడు పిడికిట పట్టి పిసికి వదలుడు. ముద్దయై, వ్రేలితో తట్టగానే విడిపోవలెను. కుండీ నింపి చెంబు నీరు పోసినచో నిమిషము రెండు నిమిషములలో అడుగునుండి నీరు కారవలెను. అయిదు నిమిషములైనను పైన నీరు నిలిచియున్నచో ఇంకను ఇసుక, ఊక పడవలసినదే.

మట్టిలోని తెగుళ్లను చంపుటకు ఆవిరి యంత్రము మనకు లేదు గాని వేసవి ఎండ ఉన్నది. ఇజ్రాయెలు శాస్త్రజ్ఞుడు యాకోవ్ కటాన్ తన సహచరులతో 1976లో ప్రకటించిన పద్ధతి ఇది. మట్టిని తడిపి, అర అడుగు మందము మించకుండ పరచి, పలుచని తెల్లని పారదర్శకపు పాలిథీను పట్టా కప్పి అంచులు మట్టితో మూయవలెను. ఏప్రిల్, మే నెలలలో నాలుగు నుండి ఆరు వారములు ఉంచినచో లోపలి వేడికి తెగులు బూజులు, నులిపురుగులు, కలుపు గింజలు చాలవరకు నశించును. మట్టి తడిగా ఉండుట ముఖ్యము. పొడిమట్టిలో వేడి అంతగా లోపలికి పోదు. ఆ పిమ్మట ట్రైకోడెర్మా పొడి కుండీకి ఒక చెంచా చొప్పున మాగిన ఎరువులో కలిపి వేసినచో మంచిబూజు ముందుగా చోటు పట్టుకొనును.

కుండీ మార్చుట

వరి నాటు వేసిన మడి కొన్ని దినములు పసుపు తిరిగి, పిదప తేరుకొనును. నారు పీకినప్పుడు తెగిన వేళ్లు మరల పుట్టువరకు ఆ దశ తప్పదు. కుండీ మొక్కకును ఇదే దశ ఉండును. ఒకటి రెండు క్రింది ఆకులు రాలినంత మాత్రమున కంగారుపడి నీరు, యూరియా, మందు ఒకదాని వెంట ఒకటి పోయరాదు.

రోహిణి కార్తె ఎండలలో కుండీ మార్చుట దండుగ. మృగశిర వెళ్లి గాలిలో చల్లదనము వచ్చిన పిమ్మట, సాయంకాలము వేళ మార్చవలెను. క్రొత్త కుండీ పాతదానికన్న రెండంగుళములు మాత్రమే వెడల్పుగా ఉండవలెను. "పెద్ద కుండీ పెట్టినచో త్వరగా పెరుగును" అను అభిప్రాయముతో చిన్న మొక్కను బక్కెట్టులో పెట్టుచున్నారు. వేరు చేరని మట్టి నీరు త్రాగువారు లేక తడిగా కూర్చుండును. కుళ్ళు అక్కడ పుట్టును. రంగుల డబ్బాలు, నూనె డబ్బాలు వాడవచ్చును, కాని అడుగున నాలుగైదు రంధ్రములు పొడువవలెను. కుమ్మరి చేసిన మట్టికుండీ గోడల గుండ తేమను విడుచును గనుక మరచి నీరు ఎక్కువ పోయు ఇంటికి అది మంచిది.

నర్సరీ నుండి వచ్చిన మట్టిముద్దను అట్లే క్రొత్తమట్టిలో పాతరాదు. ఇది చాలమంది ఎరుగని సంగతి. కొన్ని మొక్కలు గట్టి బంకముద్దలో వచ్చును, కొన్ని ఒట్టి కొబ్బరిపొట్టులో వచ్చును. బంకముద్ద చుట్టును గుల్లమట్టి పోసినచో నీరు గుల్లమట్టిలో జారిపోయి ముద్ద ఎండును. కొబ్బరిపొట్టు చుట్టును రేగడి పోసినచో రేగడి నీటిని లాగుకొని నడుమ వేళ్లను ఎండగట్టును, లేక వాన రోజులలో నీటితొట్టివలె చుట్టు ముట్టును. కనుక ముద్దను ఒక బక్కెట్టు నీటిలో కొంతసేపు ఉంచి, చేతితో మెల్లగా విప్పి, వెలుపలి మూడవ వంతు మట్టినైనను రాల్చవలెను. చుట్టలు చుట్టుకొన్న వేళ్లను విడదీసి, కుళ్ళినవాటిని కత్తిరించవలెను. కుళ్ళు ఎక్కువగా ఉన్నచో అంతయు కడిగి, మంచి వేరు వరకు కోసి, లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడు కలిపిన నీటిలో పది నిమిషములు ముంచి, చిన్న కుండీలో నాటవలెను. వేళ్లు ఎంత పోయినవో ఆకులను కూడ అంత మేర తగ్గించవలెను.

పాత ముద్ద ఎంత లోతున ఉండెనో అంతే లోతున నాటవలెను, మొదలును పూడ్చరాదు. నాటి ఒకమారు అడుగునుండి కారునట్లు నీరు పోసి, వారము పది దినములు నీడన ఉంచవలెను. ఆ తరువాత దినము లెక్కపెట్టి నీరు పోయుట మానవలెను. వ్రేలు రెండవ కణుపు వరకు మట్టిలో గ్రుచ్చి, తడి తగిలినచో పోయరాదు. కుండీని ఎత్తి చూచు అలవాటు ఇంకను మంచిది. తడి కుండీ బరువు, ఎండిన కుండీ బరువు రెండు వారములలో చేతికి తెలిసిపోవును. ఎండలోని మొక్కకు దినము నీరు కావలెను గాని, కిటికీకి దూరముగా గది మూలన ఉన్న మనీప్లాంటు వానకాలములో వారము పది దినములు నీరడుగదు.

చెంచా యూరియా లెక్క

ఎరువు సంగతి లెక్కగా చెప్పుట మంచిది. పది అంగుళముల కుండీ నోరు చదరపు మీటరులో ఇరువదియవ వంతు. ఒక టీ చెంచా యూరియా సుమారు నాలుగు గ్రాములు. అనగా చదరపు మీటరుకు 80 గ్రాములు. ఎకరము 4,047 చదరపు మీటర్లు గనుక ఆ చెంచా ఎకరమునకు 320 కిలోల పై మాట, 45 కిలోల బస్తాలు ఏడు. వరికి ఏడు బస్తాల యూరియా ఒకేమారు చల్లు రైతు ఉండడు. కుండీకి మాత్రము చెంచాడు చల్లి, చాలదేమోనని ఇంకొకటి చల్లుదురు. ఆకు అంచులు మాడుట అందువలననే. కుండీ మార్చిన నెల దినములవరకు ఏ ఎరువును వద్దు. ఆ తరువాత రెండు నెలలకొకమారు గుప్పెడు వానపాముల ఎరువు పైన కలిపిన చాలును.

బోరు నీటి ఉప్పులు కూడ ఎరువువలెనే పేరుకొనును. మట్టి మీదను కుండీ అంచునను తెల్లని పొర కట్టుట దాని గుర్తు. ముదురు ఆకులు పచ్చగా ఉండి క్రొత్త ఆకులు ఈనెలు తప్ప పాలిపోయినచో ఇనుము అందుట లేదని తెలియవలెను. సున్నము, క్షారము మట్టిలో పెరిగినందున ఇది జరుగును. నేల పరీక్షకు పోవుటకు ముందు ఒకమారు కుండీని ఆరుబయటకు తెచ్చి, కుండీ పరిమాణమునకు రెండింతల వాననీరు నెమ్మదిగా పోసి ఉప్పును కడుగుడు. పాలిపోయిన ఆకులపై లీటరు నీటికి 5 గ్రాముల అన్నభేది, 1 గ్రాము నిమ్మఉప్పు కలిపి వారమునకొకమారు రెండు మూడు పర్యాయములు చల్లవచ్చును. నీటిశుద్ధి యంత్రము విడుచు వృథానీటిని మొక్కలకు పోయుచున్నారు. పొదుపు బుద్ధి మంచిదే గాని, త్రాగునీటి నుండి తీసివేసిన ఉప్పంతయు అందులోనే ఉండును. ఆ నీటితో నేల కడుగుకొనవలెను.

పురుగులు

మట్టి సరిచేసిన తరువాతను మిగిలిన పురుగులకు ఇంటి మందులు చాలును. నల్ల ఈగలకు పై రెండంగుళముల మట్టిని ఆరనిచ్చి, దానిపై అంగుళము మందము దొడ్డు ఇసుక పరచవలెను. పచ్చి ఆలుగడ్డ చెక్క మట్టిపై బోర్లించి రెండు దినముల తరువాత ఎత్తి చూచినచో పిల్లపురుగులు దానికి అంటియుండును; ఉన్నవో లేవో తెలియుటకు ఇది మంచి ఉపాయము. మిరప తోటలలో కట్టు పసుపురంగు జిగురు అట్టల నుండి ఒక ముక్క కత్తిరించి కుండీలో గ్రుచ్చినచో ఎగురునవి చిక్కును.

పిండినల్లిని, పొలుసు పురుగును చల్లుటకన్న తుడుచుట మేలు. వాటి ఒంటిపై మైనపు పూత ఉండుటచే నీటిమందు అంటదు. దూదిని స్పిరిటులో తడిపి ఒక్కొక్క కణుపు తుడిచి, పిదప లీటరు నీటికి 5 మిల్లీలీటర్ల వేపనూనె, కొద్దిగ సబ్బునీరు కలిపి ఆకుల అడుగున తగులునట్లు చల్లవలెను. వారము విడిచి వారము మూడుమార్లు చేయక పోదు. గ్రుడ్ల సంచులు మిగిలి మరల లేచును. చీమలు మొక్క ఎక్కుచున్నచో పిండినల్లి ఉన్నట్లే. అది విడుచు తేనెబంక కొరకు చీమలు దానిని కాపలా కాయును, మోసి ప్రక్క కుండీకి చేర్చును. చీమల దారి ఆపనిదే ఈ పురుగు పోదు. వేరు పిండినల్లికి మట్టి అంతయు మార్చి, వేళ్లు కడిగి, కుండీని మరుగునీటితో కడుగుటయే మార్గము. వేసవిలో ఫ్యానుగాలికి ఆకులపై సన్నని చుక్కలు, సాలెగూడు పోగులు కనిపించినచో ఎర్రనల్లి. మొక్కను స్నానపు గదిలో పడవేసి ఆకుల అడుగు నీటిధారతో కడిగినచో చాలవరకు పోవును.

క్రొత్తగా కొన్న మొక్కను రెండు వారములు పాత కుండీలకు దూరముగా ఉంచవలెను. సంతలో కొన్న గొడ్డును తెచ్చిన నాడే మందలో కట్టు రైతు ఎవరు?

పొలము మందు గడప దాటరాదు

ఈ ఒక్క విషయమును గట్టిగా చెప్పవలసియున్నది. పొలములో మిగిలిన మందు అటుకు మీదనో, కొట్టములోనో ఉండును. మూతతో ఒక చుక్క కలిపి చల్లినచో ఏమగునని అనుకొందురు. పొలములో గాలి ఉన్నది, ఎండ ఉన్నది, చల్లిన పిదప మనము ఇంటికి వచ్చెదము. గదిలో చల్లినచో ఆ గాలినే రాత్రియంతయు పిల్లలు పీల్చుదురు. కుండీ మట్టిని ప్రాకు బిడ్డ నోట పెట్టుకొనును. గుళికలు ఇంకను ప్రమాదము, అవి చూచుటకు మందువలె ఉండవు. ఫోరేటు గుళికల వాడకము, డైక్లోర్వాసు వాడకము మన దేశములో 2020 డిసెంబరు 31 నుండి నిషిద్ధము. పాత నిల్వ ఇంటిలో ఉన్నను వాడరాదు. డబ్బాపై ఎర్ర ముక్కోణము ఉన్న ఏ మందునైనను, పసుపు ముక్కోణము ఉన్నదానినైనను ఇంటి మొక్కకు తలపెట్టరాదు. మందును శీతలపానీయపు సీసాలోనికి మార్చుట అన్నింటికన్న ఘోరము. ఎవరైన మ్రింగినచో వాంతి చేయించుటకు ఇంటివైద్యములు పెట్టక 108కి ఫోను చేసి, మందు డబ్బాను కూడ ఆసుపత్రికి తీసికొని పోవలెను. నూరు రూపాయల క్రోటను చచ్చినచో మరియొకటి కొనుక్కొనవచ్చును.

తులసి గద్దె

ఇంటిలోపలి మొక్క కాకున్నను తులసిని విడిచిపెట్టుట సాధ్యము కాదు. ఎక్కువమంది ఇల్లాండ్రు అడుగునది దానిని గురించియే. వాకిట తులసి ఎండినచో ఇంటికి కీడని మనసు పాడుచేసికొందురు. కారణము చాలవరకు గద్దెలోనే ఉండును. ఇప్పటి సిమెంటు గద్దెలకు పైన నోరే గాని అడుగున రంధ్రము లేదు. ప్రతి ఉదయము పూజలో చెంబు నీరు, పండుగనాడు పాలు, పసుపు, కుంకుమ అందులోనే పడును. పాలు మట్టిలో పులిసి ఈగలను పిలుచును, నీరు అడుగున నిలిచి వేరును కుళ్ళజేయును. మేస్త్రీ చేత గద్దె అడుగు ప్రక్కన వ్రేలు పట్టునంత రంధ్రములు రెండు తొలిపించి, పైన చెప్పిన మిశ్రమము నింపవలెను. పూజనీరు ఉద్ధరిణెడు మొక్కకు, మిగిలినది గద్దె పాదమున పోసిన ఆచారమునకు లోటు రాదు.

తులసి సహజముగనే రెండు మూడేండ్లకు మానువారి ముసలిదగును. కంకులు వేసి గింజ పండించిన కొలది త్వరగా ఎండును. లేత కంకులను గిల్లుచుండినచో మరికొంతకాలము చిగుర్చును. ఒక్క కంకిని మాత్రము పండనిచ్చి, గింజలు రాల్చి దాచి, తొలకరిలో చిన్న కుండీలో చల్లుకొనవలెను. గింజలు ఆవగింజకన్న సన్నవి. లోతుగా కప్పక, మట్టిపై రాల్చి పొడి ఇసుక చిలుకరించి, నీరు పోయకుండ చేతితో చిలుకరించిన వారము పది దినములలో మొలచును. నాలుగు ఆకులు విచ్చిన పిదప బలమైన మొలక నొకదానిని ఉంచి తక్కినవి ప్రక్క ఇండ్లకు ఇచ్చివేయవచ్చును.